అందరూ ఒప్పుకున్నారు

గేటు మూసిన చప్పుడు విని అర్షియా క్లాసు కిటికీలోంచి చూసింది. బయట అఖిల నిలబడి ఉంది. యూనిఫాం మోకాళ్ల దాకా తడిసిపోయింది.

"బాబాయ్‌గారూ, తియ్యండి! ఇవాళ లెక్కల పరీక్షండి!"

"నేనేం చెయ్యనమ్మా? ఎనిమిదిన్నర దాటితే తియ్యకూడదని మీ పిల్లల సభేగా రూలు పెట్టింది," అన్నాడు వాచ్‌మన్ జ్ఞానయ్య.

అర్షియా చటుక్కున లేచి నిలబడింది.

భీమడోలులోని ఆ బడిలో పిల్లల సభ ఆ ఏడాదే మొదలైంది. ఒక్కో క్లాసు నుంచి ఇద్దరిని చీటీలు తీసి ఎంచుకుంటారు. అందరూ ఒప్పుకుని సభ పెట్టిన రూలు హెడ్ మిస్ట్రెస్ రత్నమాణిక్యం గారైనా పాటించాల్సిందే. ఏడో తరగతి నుంచి అర్షియా, అఖిల వచ్చారు. అధ్యక్షురాలు అర్షియా.

పోయిన శుక్రవారమే ఈ గేటు రూలు సభ ముందుకొచ్చింది. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అర్షియా గబగబా అడిగింది. అఖిల ఏదో చెప్పబోయింది. ఇంటికెళ్లే తొందరలో అర్షియా చూసీ చూడనట్టు పుస్తకంలో రాసేసింది: 'అందరూ ఒప్పుకున్నారు.'

అఖిలది కొల్లేట్లో లంక ఊరు. ముందు పడవ, తర్వాత బస్సు. పడవ ఏ వేళకు కదులుతుందో ఆమె చేతిలో లేదు.

ప్రశ్నపత్రాలు పంచుతున్నారు. టీచర్‌కి చెప్పి, అర్షియా ఆఫీసు గదికి పరిగెత్తింది.

"మేడమ్, అఖిలని రానివ్వండి!"

"సభ రూలు నేనే తప్పితే ఇక సభ ఎందుకమ్మా? అందరూ ఒప్పుకున్నారని నువ్వే రాశావుగా?"

"అది అబద్ధమండి." అంది అర్షియా. "అఖిల ఏదో చెప్పబోయింది. చూసి కూడా అడగలేదండి."

రత్నమాణిక్యం గారు ఆమె వంక తేరిపార చూశారు. "చెప్పబోయిన మాట వినకుండా రాసింది రూలు కాదు," అంటూ లేచి గేటు వైపు నడిచారు.

అఖిల పావుగంట ఆలస్యంగా పరీక్ష మొదలుపెట్టింది. అర్షియా వైపు ఒక్కసారీ చూడలేదు.

సాయంత్రం మళ్లీ సభ కూడింది. తప్పు తనదేనని చెప్పి, అర్షియా ఆ రూలు కొట్టేసింది. "ఇకనుంచి ఒక్కొక్కరినీ అడిగాకే రాస్తాను," అంది.

గేటు రూలు మళ్లీ పెట్టాలా అని అడిగితే వరసగా అందరూ తమ మాట చెప్పారు. అఖిల వంతు వచ్చింది. ఆమె బల్ల వైపే చూస్తూ కూర్చుంది.

"టైమైపోతోంది, రాసెయ్యి," అన్నాడు తొమ్మిదో తరగతి సాదిక్.

అర్షియా పుస్తకం మూసేసింది. "అఖిల ఇంకా చెప్పలేదు. ఆగుదాం."

చాలాసేపటికి అఖిల గొంతు సవరించుకుంది.

"మా ఊరి పడవ ఉందే..."

అర్షియా తన కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకుంది.