తెల్ల ఫ్లెక్స్ కట్టిన అంబాసిడర్

ఇన్నమ్మ సంచిలో రెండు చొక్కాలు, లుంగీ, తువ్వాలు సర్ది పైన పులిహోర డబ్బా కుక్కింది.

“తబితను ఖమ్మంల దింపి సాయంత్రానికి వస్తనమ్మా. బట్టలెందుకే?” అన్నాడు ప్రభు.

“మీ నాయన గూడ సాయంత్రానికి వస్తననే పోయిండు. అయినా నీ డొక్కు కారును నమ్మి పంపాల్నా?”

తన అంబాసిడర్‌ను డొక్కు అంటే ప్రభుకు కోపం. తబిత ఎదుట అంటే మరీ కోపం. గేటు దగ్గర ఆమె అప్పటికే నవ్వుతోంది. మెకానికల్ డిప్లొమా చేసిన పక్కవీధి పిల్ల. ఖమ్మంలో కార్ల సర్వీస్ సెంటర్లో ఉద్యోగం వచ్చింది, మధ్యాహ్నానికి చేరాలి. ఆలోపు ఒక మాట చెప్పేయాలన్నది ప్రభు పథకం. ఏడాదిగా అదే పథకం.

వాళ్ల ఊరు సారపాక దాటేదాకా బండి బుద్ధిగానే నడిచింది. అడవి రోడ్డులో జామాయిల్ కర్రల లారీని దాటి తన వేగం చూపించబోయాడు. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత ఎక్కింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

“ఏం గాలే, నీళ్లు తగ్గినయ్,” అని దిగి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

తబిత ఆ చేతి మీద ఒక్కటి వేసింది. “మూత ఎగిరితే మొహం ఉడుకుతది. చల్లారనియ్యి.”

దెబ్బ పడ్డ చోటును అతను చాలాసేపు ప్రేమగా నిమురుకున్నాడు. చల్లారాక మూత తీస్తే నీళ్లు అంచుదాకా ఉన్నాయి.

పాల్వంచ రద్దీలో ముల్లు దిగింది. ఊరు దాటి జోరందుకోగానే మళ్లీ ఎక్కింది.

“థర్మోస్టాట్ ఖరాబైనట్టుంది,” అన్నాడు గంభీరంగా.

“దాన్ని పోయిన ఎండాకాలమే పీకేస్తివి గదా! లేనిది ఎట్ల ఖరాబైతది?”

చినుకులు మొదలయ్యాయి. ఆమె దిగి ఫ్యాన్ బెల్టు నొక్కి చూసింది. “ఇది మంచిగనే ఉంది. బండి మెల్లగ పోతే సల్లబడతది, జోరుగ పోతే కాగుతది. అంటే ఎదురుగాలి లోపలికి పోతలేదు. ముందట ఈ తెల్ల ఫ్లెక్స్ ఏంది?”

“జామాయిల్ ఆకులు పడకుండ కట్టిన.”

“గాలి గూడ పడకుండ కట్టినవ్. విప్పు.”

“ఉండనీ తబితా. మెల్లగనే పోదాం.”

“మెల్లగ పోతే నా ఉద్యోగం పోతది!” అంటూ తాడు తెంపింది. ఫ్లెక్స్ తిరగబడింది. లోపలివైపు ఎర్ర అక్షరాలు: ‘తబితా ట్రావెల్స్, సారపాక’.

వాన పెరిగింది. ప్రభు టైరు వైపే చూస్తూ నిలబడ్డాడు, అది పంక్చరైనా బాగుండన్నట్టు.

“ఎప్పుడు కొట్టించినవ్?”

“క్రిస్మస్‌కి. పేరు బయటికి పెట్టే ధైర్యం లేక తిప్పి కట్టిన.”

“అప్పటి నుంచి ఇంజిన్ ఉడకబెట్టినవ్ గానీ నోరు మాత్రం తెరవలే.”

“ఇప్పుడు తెరుస్తున్న. నువ్వంటే నాకు ఇష్టం.”

ఆమె తడిసిన ఫ్లెక్స్ మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “జల్దీ పోనియ్.”

ఖమ్మం దాకా ముల్లు లేవలేదు. ప్రభు ప్రాణం మాత్రం ఎర్రగీత మీదే ఉంది.

సర్వీస్ సెంటర్ ముందు దిగుతూ తబిత ఫ్లెక్స్ అతని చేతిలో పెట్టింది. “ఈ బండిని చూసేదాన్ని నేనిక్కడుంటే నువ్వు సారపాకల ఏం జేస్తవ్? ఖమ్మంల ట్యాక్సీ స్టాండు లేదా? ఊరి పేరు మార్పించు. ఈసారి కారు టాప్ మీద కట్టు, పేరు బయటికి పెట్టి.”

ప్రభు ఆ సాయంత్రం నుంచే ఖమ్మం ట్యాక్సీ స్టాండులో ఉండిపోయాడు. ఆ ఏడు క్రిస్మస్ ముందు అక్కడి చర్చిలో ఇద్దరికీ పెళ్లి. ఇన్నమ్మ బస్సెక్కి దారంతా తిట్టుకుంటూ వచ్చి, కోడలి తల మీద చెయ్యి పెట్టి ఏడ్చింది.

సాయంత్రానికి వస్తానని 2023 జూన్ 12న బయలుదేరిన ప్రభు, సారపాక ఇంటికి మళ్లీ తిరిగి రాలేదు.