మోతలో మాట

పిల్లింగ్ శవం కాలువ గట్టున ఖాళీ బీరు పీపాలో దొరికింది. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, నిద్రపోయే పసివాడిలా కూర్చోబెట్టారు. చెవి వెనక చిన్న రంధ్రం. కోటు జేబులో సగం తిన్న చాక్లెట్ అలాగే ఉంది.

"మంచి కుర్రాడు. ఏదో కనిపెట్టాడు. మనకి చెప్పేలోగా పీపాలోకి వెళ్ళాడు," అన్నాడు కల్నల్ ఫెన్విక్. "ఇప్పుడు నువ్వు వెళ్ళాలి, ఆర్మెరోడ్."

బయట ఫ్లాండర్స్ వాన పడుతోంది. అది 1917 వసంతం. కెప్టెన్ సెత్ ఆర్మెరోడ్ గోడ మీది మ్యాపు చూశాడు. మూడు చోట్ల ఎర్ర పెన్సిల్‌తో కొట్టివేతలు. మూడు దాడులు. మూడుసార్లూ జర్మన్ మెషిన్ గన్లు సరిగ్గా అక్కడే ఎదురుచూస్తూ కూర్చున్నాయి.

"మన ఆర్డర్లు కాగితం మీద పెట్టడం మానేశాం. టెలిఫోన్లో చెప్పడం మానేశాం. అయినా వాళ్ళకి తెలుస్తోంది. పిల్లింగ్ చివరిసారి కనపడింది మడలెన్ కాఫీ హోటల్లో."

"ఆమె మన మనిషే కదా, సార్?"

"మన మనిషే. జర్మన్ల కబుర్లు మనకి ఆమె దగ్గర్నించే వస్తాయి. ఆమెని వదిలేసి మిగతా అందర్నీ అనుమానించు. సంగతి తేలగానే 'గుడ్లు కుళ్ళిపోయాయి' అని కబురు పంపు."

ఆర్మెరోడ్ తలూపాడు. అతని ఆలోచన వేరే చోట ఉంది. తమ డివిజన్‌లో ఒక్కడూ పుట్టు సైనికుడు కాడు. లాంకషైర్ నూలు మిల్లుల్లో వారమంతా పనిచేసి, శనివారాలు సరదాకి కవాతు చేసినవాళ్ళు. యుద్ధం రాగానే తమంతట తామే పేర్లిచ్చారు. వీధికి వీధి ఒకే ప్లటూన్‌లో చేరింది. అందుకే ఇక్కడ ఒక దాడి చెడితే, అక్కడ ఒక వీధిలో ఇంటింటికీ చావుకి గుర్తుగా కర్టెన్లు దిగుతాయి. తరువాతి దాడిలో ముందు వరసలో ఉండబోయే బెటాలియన్‌లో అతని తమ్ముడు ఆమోస్ ఉన్నాడు. కల్నల్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసే పంపుతున్నాడేమోనన్న అనుమానం ఆర్మెరోడ్‌ను చాలాసేపు వదల్లేదు.

*

డివిజన్ నాటకాల బృందం నుంచి అరువుకొచ్చిన పియానో వాయించే సిపాయి. అదీ అతని వేషం. పేరు ఫీల్డింగ్. పియానో మూత లోపలి వైపు అరచేతి వెడల్పు అద్దం బిగించారు. మూత ఎత్తితే వెనకాల హోటలంతా కనపడుతుంది.

మడలెన్ అందగత్తె. నల్లటి గౌను, తెల్లటి మెడ, ఎవరినీ పూర్తిగా చూడని కళ్ళు. ఇంగ్లీషులో ఆమె నోట వచ్చేవి హోటలుకి కావలసిన మాటలే: గుడ్లు, బంగాళాదుంప వేపుడు, బీరు, డబ్బులు.

హోటలుకొచ్చే సిపాయిల్లో, మిల్లు మగ్గాల మీద పనిచేసినవాళ్ళు మాత్రం నోరు మెదిపేవారే కాని గొంతు విప్పేవారు కారు. ఆర్మెరోడ్‌కి అది కొత్త కాదు. వందల మగ్గాలు ఒకేసారి ఆడే షెడ్డులో మాట వినపడదు. అందుకని అక్కడివాళ్ళు గొంతు పూర్తిగా ఆపేసి, పెదవుల్ని పెద్దగా కదుపుతూ మాట్లాడుకుంటారు. అతని తల్లి అలాగే మాట్లాడేది. స్కూలు మేష్టరు కాకముందు అతనూ అలాగే మాట్లాడాడు. ఇప్పుడు హోటల్లో ఈ మూల నుంచి ఆ మూలకి, పియానో మోత మీదుగా, చప్పుడు లేని కబుర్లు ఎగురుతున్నాయి.

సార్జెంట్ డక్స్‌బరీ పియానోకి ఆనుకుని నిలబడ్డాడు. "ఏమయ్యా ఫీల్డింగూ, ఆ పాటని బతకనిస్తావా, చంపేస్తావా?"

"చచ్చిన పియానో ఇచ్చారు సార్జెంట్. పాటని ఎలా బతికించను?"

"మీ ఊరెళ్ళి వాయించుకో. చెవిటివాళ్ళకి సంగీతం మీ ఊళ్ళోనే బాగా అమ్ముడుపోతుందట."

అందరూ నవ్వారు. తర్వాత డక్స్‌బరీ గొంతు ఆపి, పెదవులతో అన్నాడు: భయపడకు. ఇక్కడ మన రహస్యాలు మన నోట్లోనే ఉంటాయి. జర్మన్ ఫ్రిట్జ్‌గాడికి చెవులున్నాయి గాని, ఈ చదువు రాదు.

ఆర్మెరోడ్ కూడా అదే నమ్మాడు. ఇంతకంటే భద్రమైన సంకేత భాష ఏ గూఢచారి శాఖా తయారుచెయ్యలేదనుకున్నాడు.

రెండ్రోజుల తర్వాత, మధ్యాహ్నం, ముందు వరసకి వెళ్తున్న కంపెనీ ఒకటి భోజనానికి ఆగింది. తలుపు దగ్గర తడిసిన టోపీ తీస్తూ ఆమోస్ నిలబడ్డాడు. అన్నని చూశాడు. తెలివైనవాడు, పలకరించలేదు. గది అవతలి నుంచి పెదవులు కదిపాడు.

నువ్విక్కడేంటన్నా?

ఊరుకో. నేనెవరో నీకు తెలీదు.

సరేలే. ఇవాళే మా వంతు. మన ఫిరంగులు మొదలవగానే కదలాలి. పొద్దు వాలేటప్పటికి ఇటుకబట్టీ వైపు నుంచి దాడి. కాలువ దగ్గర చేసేది ఉత్తుత్తి హడావిడి. అమ్మకి రాయకు.

తమ్ముడి నోటి మీంచి చూపు తిప్పి ఆర్మెరోడ్ పియానో అద్దంలోకి చూశాడు. మడలెన్ కూడా ఆమోస్ నోటినే చూస్తోంది. మగాణ్ణి చూసే ఆడదాని చూపు కాదది. చదివేవాళ్ళ చూపు.

తనకే అనిపించిందేమో. మూడు రాత్రులు నిద్రలేనివాడి బుర్ర ఎన్నైనా చూపిస్తుంది.

అప్పుడే డక్స్‌బరీ బెటాలియన్ పాదిరీ గురించి మొదలుపెట్టాడు. గొంతు లేకుండానే. పాపం ఆయన కట్టుడు పళ్ళు ప్రార్థన మధ్యలో ఊడి సమాధిలో పడ్డాయట. చచ్చినవాడే నయం, పళ్ళు తిరిగి అందించాడట.

మడలెన్ అందరికీ వీపు పెట్టి, గోడ అద్దం ఎదురుగా గ్లాసులు తుడుస్తోంది. ఎవరూ చప్పుడు చెయ్యలేదు. అందరికంటే ముందు ఆమె నవ్వింది.

నవ్వు నోటి దాకా వచ్చాక తెలిసింది ఆమెకి. అణచుకుంది. ఆమె కళ్ళు అద్దంలోంచి అద్దంలోకి ప్రయాణించి ఆర్మెరోడ్ కళ్ళ మీద ఆగాయి. మనిషి ఏళ్ళ తరబడి తన ముఖాన్ని కాపలా కాయగలడు. నవ్వు మాత్రం కాపలావాణ్ణి అడిగి రాదు.

ఆమె గ్లాసు కింద పెట్టి, "బీరు," అంది ఎవరితోనో. నేలమాళిగ తలుపు తీసుకుని దిగిపోయింది.

ఆర్మెరోడ్ లేచాడు. "సార్జెంట్, కల్నల్ ఫెన్విక్‌కి కబురు. గుడ్లు కుళ్ళిపోయాయి. పరుగెత్తు."

"ఇందాకేగా మూడు తిన్నాను. బాగానే ఉన్నాయే."

"నేను కెప్టెన్నయ్యా. పరుగెత్తమన్నాను."

డక్స్‌బరీ అతని ముఖం చూసి వానలోకి పరుగెత్తాడు.

*

నేలమాళిగలో పీపాల వెనక రాయి తొలగించి ఉంది. గూట్లో టెలిఫోన్. జర్మన్లు వెనక్కి తగ్గినప్పుడు భూమిలో పాతి వదిలేసిన తీగ. మడలెన్ ఒక చేత్తో రిసీవర్ చెవికి ఆనించుకుని ఉంది. రెండో చేతిలో పిస్టల్. అవతలివైపు ఇంకా పలకలేదు.

"పిల్లింగ్ కూడా సరిగ్గా ఆ మెట్టు మీదే నిలబడ్డాడు," అంది. ఆమె ఇంగ్లీషు అచ్చం ఆర్మెరోడ్ ఊరి ఇంగ్లీషు.

అతని దగ్గర ఆయుధం లేదు. గొంతు ఆపి, పెదవులతో అడిగాడు.

ఏ మిల్లు?

ఆమె పెదవులు ఆమెని అడక్కుండానే కదిలాయి. హోల్డెన్ మిల్లు. నాలుగు మగ్గాలు.

మగ్గాల షెడ్డులో ఒక మర్యాద ఉంది. ఎదుటి మనిషి నోరు కదుపుతుంటే ముఖం తిప్పుకోకూడదు. తిప్పుకుంటే చెంప మీద కొట్టినట్టే. ఆ మర్యాదని పట్టుకుని ఆర్మెరోడ్ వేలాడాడు.

మీ నాన్న?

పంది మాంసం కొట్టు. జర్మన్ అయినా, ఊరంతా ఆయన సాసేజ్‌లే తినేది. యుద్ధం రెండో ఏడు, మే నెలలో, వీధంతా మా కొట్టు మీద పడింది. మొదటి రాయి ఎవరు వేశారో తెలుసా? నాకు మగ్గం నేర్పినామె. నాన్న జర్మన్లని నిర్బంధించే క్యాంపులో పోయాడు. ఆమె కొడుకులిద్దరూ ఇప్పుడు పైన నా చేతి గుడ్లు తింటున్నారు. నన్ను గుర్తుపట్టలేదు.

పైన నా తమ్ముడున్నాడు.

తెలుసు. ఇద్దరి నోళ్ళూ ఒకటే.

ఒక్క క్షణం ఆమె ముఖంలో ఏదో వదులైంది. ఎన్నేళ్ళయిందో ఈ భాషలో ఎవరితోనైనా మాట్లాడి. అంతలో రిసీవర్‌లో సన్నటి మగగొంతు పలికింది. ఆమె కళ్ళు గట్టిపడ్డాయి. నోరు టెలిఫోన్ వైపు తిప్పింది.

సరిగ్గా అప్పుడే హోటల్ వెనక తోటలో ఉన్న ఫిరంగులు పేలాయి.

నేల ఊగింది. పీపాలు గోడలకి కొట్టుకున్నాయి. ఆమె చెప్పేసింది. ఆర్మెరోడ్ ఆ పెదవుల మీద స్పష్టంగా చదివాడు: ఇటుకబట్టీ. మళ్ళీ చెప్పింది. ఇటుకబట్టీ వైపు నుంచి. ఎంత చక్కగా, ఎంత పెద్దగా పలికిందంటే, నాలుగు మగ్గాల అవతల నిలబడ్డవాళ్ళకీ తెలిసేది.

కాని ఆమె గొంతు లేవలేదు. మోత పెరిగిందా, గొంతు ఆపెయ్. పదేళ్ళ వయసులో ఒంటికి పట్టిన చదువు అది. టెలిఫోన్ తీగకి కళ్ళు లేవు.

మూడోసారికి ఆమెకి తెలిసింది. అరవడానికి నోరు తెరిచింది. ఈలోగా ఆర్మెరోడ్ మెట్ల మీంచి దూకాడు. పిస్టల్ పేలి, అతని పక్కన పీపాలోంచి బీరు చిమ్మింది. రెండు చేతులా తీగ పట్టుకుని గోడలోంచి ఊడబెరికాడు.

*

సాయంత్రం ఇటుకబట్టీ వైపు మెషిన్ గన్లు లేవు. వెళ్ళినవాళ్ళలో సగానికి పైగా తిరిగొచ్చారు. ఆ రోజుల్లో దాన్ని విజయం అనేవారు. ఆమోస్ ఒక చెవి పోగొట్టుకుని వచ్చాడు. "పోతే పోయింది, దాంతో మనకి పనేముందన్నా," అన్నాడు.

డక్స్‌బరీ కబురుతో వచ్చిన మిలటరీ పోలీసులు మడలెన్‌ని మోటారులో ఎక్కించినప్పుడు ఆమె కిటికీ అద్దం వెనక నుంచి ఆర్మెరోడ్‌ని అడిగింది, చప్పుడు లేకుండా: నా నాలుగు మగ్గాలు ఇప్పుడెవరు నడుపుతున్నారు?

అతను ముఖం తిప్పుకున్నాడు.

మర్నాడు బెటాలియన్‌ని వరసగా నిలబెట్టి కల్నల్ ఫెన్విక్ స్వయంగా కొత్త ఆర్డరు చదివాడు. ఇకనుంచి డివిజన్‌లో ఎవరూ గొంతు లేకుండా పెదవులు కదపకూడదు. కదిపితే శిక్ష. మైదానం నిశ్శబ్దంగా ఉంది. వందల నోళ్ళు మాత్రం, ఒకే ఒక్క చిన్న మాటకి, కలిసికట్టుగా కదిలాయి.

"ఏమంటున్నారు?" అన్నాడు కల్నల్, ఆర్మెరోడ్ వైపు వంగి.

"తమకి దీర్ఘాయుష్షు కోరుతున్నారు, సార్."