గోడలో ఎక్కిళ్ళు

బస్తర్ మొత్తమ్మీద దెయ్యమంటే లెక్కలేని మొనగాణ్ణి నేనొక్కణ్ణే. అయితే దంతెవాడ దాటాక కొండమీదున్న మా మైనింగ్ టౌన్‌షిప్‌లో, క్లబ్బు వెనకాల స్విమ్మింగ్ పూల్ వైపు మాత్రం పొద్దుగూకాక పోను. అబ్బే, భయం కాదు... చలి. ఎండాకాలంలో కూడా అక్కడ చలే.

ఆ పూల్‌కి పేరు మంచిది కాదు. రెండేళ్ళ కిందట సాయిశ్రీ అనే చిన్నపిల్ల అందులో మునిగిపోయింది. పూల్ ఖాళీ చేసి తాళం వేశారు. ఈ మధ్య మళ్ళీ తెరుద్దామని నింపితే — తెల్లారేసరికి జానెడు నీళ్ళు మాయం! రోజూ అంతే. పిల్ల తాగేస్తోందన్నారు జనం. రాత్రిళ్ళు గోడలోంచి ఏడుపు కూడా వినిపిస్తోందన్నారు.

లీకు పట్టడానికి మా సింహాచలం మామని పిలిచారు. ఇదంతా ఆయన చెప్పిందే.

లీకు చప్పుడు పగలు వినపడదు, గని వైపు నుంచి డంపర్ల హోరు. అందుకని మామ రాత్రి దిగాడు, నడుంలోతు నీళ్ళలోకి. ఇనప చువ్వ ఒక కొస గోడకి, రెండో కొస చెవికి ఆనించి, ఊపిరి బిగబట్టాడు.

వినిపించింది.

సన్నగా... ఆగి ఆగి... ఎక్కిళ్ళు.

మామ తలెత్తాడు. గట్టుమీద — జుట్టు విరబోసుకుని, టైల్సు పలకలకి చెవి ఆనించి — ఒక ఆడమనిషి!

"ఎ... ఎవలమ్మా?"

"మెల్లగ, అన్నా. మా సాయి మాట్లాడుతాంది."

నాగేశ్వరమ్మ. పిల్ల తల్లి. కోంట వైపు మనిషి. పూల్ నింపినప్పటి నుంచి రోజూ వస్తోందట. వాచ్‌మన్ ఇర్మా చూసీ చూడనట్టు గేటు వదిలేస్తాడట.

మామ సిరంజితో నీళ్ళలోకి ఎర్ర రంగు వదిలాడు. అది దారంలా సాగి, నీళ్ళలో గోడకి బిగించిన లైటు పక్కన రెండు పలకల సందులోకి దూరిపోయింది. అక్కడే చీలిక. దాని వెనక బోలు గొట్టంలోకి నీళ్ళు జారుతున్నాయి... ఆ గుటకలే ఎక్కిళ్ళు.

"నీళ్ళు పోయే చప్పుడమ్మా ఇది. ఇలా ఒగ్గేస్తే గోడ కూలి కింద కోటర్ల మీద పడిపోద్ది."

ఆమె వంగి ఆయన చెయ్యి పట్టుకుంది. "ముయ్యకన్నా... లోపల దానికి ఊపిరాడదు."

మామ మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. కింద క్వార్టర్లలో ఎందరి పిల్లలో నిద్రపోతున్నారు. చివరికి, నీళ్ళలోనే గట్టిపడే ముద్ద పిసికి, చీలికలో కూరాడు.

ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

నాగేశ్వరమ్మ గోడకి చెవి ఆనించింది. కాస్త జరిగి మళ్ళీ. ఇంకాస్త జరిగి... "సాయీ! ఏందే, చప్పుడు చెయ్యవేందే?"

అప్పుడు — పూల్ పక్కనున్న పంపురూములోంచి — ఏడుపు! వెక్కి వెక్కి, మనిషి ఏడుపు.

మామ చువ్వ నీళ్ళలో వదిలేసి గట్టెక్కేశాడు.

ఆమె మాత్రం నవ్వింది. "బయటికొచ్చినవా, బిడ్డా? ఏడవకు. ఇంటికి పోదాం పా."

వేలు అందించినట్టు చెయ్యి పక్కకి చాపి, చిన్న అడుగులకి తగ్గట్టు మెల్లగా నడుస్తూ, గేటు దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ అటు రాలేదు.

పూల్‌లో ఇప్పుడు నీళ్ళు తగ్గవు. ఆ ఏడ్చింది సాయిశ్రీయేనని మామ ఇప్పటికీ ఒట్టేస్తాడు. నేను కాదనను.

కాదంటే చెప్పాల్సొస్తుంది కదా... మామని హడలగొడదామని పంపురూములో నక్కింది నేనని. ఆడపిల్ల గొంతుతో ఓ దొంగ ఏడుపు ప్రాక్టీసు చేసుకుని మరీ వెళ్ళాను. అది వాడనే లేదు. ఆమె గోడ వెంట వెతుక్కుంటుంటే, నోట్లో తువ్వాలు కుక్కుకున్నా ఆగలేదు... ఇంత మీసమున్న మొనగాణ్ణి, అది నా సొంత ఏడుపే.