ఉచిత మ్యాప్

పిల్లి తమ్ముణ్ని చంపింది లారీ కాదు. లారీ కాలు మాత్రమే నుజ్జు చేసింది. చంపింది ఒక ఉచిత మ్యాప్.

అడుగుల చప్పుడు వినపడనివ్వడని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికి పిల్లి అని పేరు. నోటి చప్పుడు కూడా తక్కువే. కానీ బ్రీఫింగ్‌లో చీఫ్ తెర మీద బట్టతల ఫొటో ఒకటి వెయ్యగానే పళ్లు పటపట కొరికాడు.

"వీణ్ని దాత అంటారు," అన్నాడు చీఫ్. "అన్నీ ఉచితంగా ఇస్తాడు కదా, అందుకు."

విదేశీ ముఠా. అంబులెన్సులకు దారి చూపే మ్యాప్ వాళ్లది. చందా లేదు, ప్రకటనలు లేవు. బ్రౌజర్‌లో పేజీ తెరిచి ఉన్నంతసేపూ ఆ కంప్యూటర్ శక్తిలో చిన్న వాటా వాడుకుని క్రిప్టో నాణేలు, అంటే కంప్యూటర్ లెక్కలతో పుట్టే డబ్బు, మైనింగ్ చేసుకుంటారు, అంతే. బాగానే ఉందే అని నగరంలో కంట్రోల్ రూములన్నీ ఒప్పుకున్నాయి. ఒకరోజు దాత ఒక కంట్రోల్ రూమ్ మీద ట్రయల్ వేశాడు. చడీచప్పుడు లేకుండా ఆ వాటాని నూరు శాతానికి లాగాడు. తెరలు బిగుసుకుపోయాయి. రోడ్డు మీద నెత్తురోడుతున్న పిల్లి తమ్ముడి కోసం బయల్దేరిన అంబులెన్స్, ఎటు తిరగాలో తెలియక నిలిచిపోయింది.

"ఇవాళ మధ్యాహ్నం నగరం మొత్తం మీద అలాగే లాగుతాడు. ఆ తర్వాత ప్రభుత్వం మెడ మీద కత్తి పెడతాడు. లోపల మన మనిషి ఉంది. నువ్వు ఏసీ మెకానిక్‌వి." చీఫ్ పిల్లి వైపు తిరిగాడు. "వాడు ప్రాణాలతో కావాలి నాకు."

పిల్లి స్క్రూడ్రైవర్లు సర్దుకున్నాడు.

దాత ఆఫీసులో రిసెప్షనిస్టు నీలం సూటులో, చూసినవాళ్లు చూపు తిప్పుకోలేనట్టుంది. రెండు పక్షాల జీతమూ తీసుకునే మనిషి. అసలు ఏ పక్షమో చీఫ్‌కే అనుమానం.

"ఫిల్టర్ కడిగి ఎన్నాళ్లయింది?" అడిగాడు పిల్లి.

"కొన్నప్పుడు కడిగాం," అంది ఆమె. కోడ్ సరిపోయింది.

ఆమె అంతకుముందు పంపిన కబురు ఒక్కటే. దాత పరమ పిసినారి. ఆజ్ఞలు పంపే కంప్యూటర్‌లోనే తన మ్యాప్ పేజీ కూడా తెరుచుకుని, అంబులెన్సులు చూస్తూ కూర్చుంటాడు. ఇంకో కంప్యూటర్ కొనడానికి చెయ్యి రాదు. తన ఆజ్ఞ తనకే తగలకుండా ఆఫీసు నెట్ అడ్రస్‌కి మాత్రం మినహాయింపు పెట్టుకున్నాడు.

పిల్లి దాత గదిలోకి వెళ్లి, ఏసీ ఆపి నిచ్చెనెక్కాడు. పక్కనే రూటర్. అగ్గిపెట్టెంత గాడ్జెట్ దానికి తగిలించాడు. ఇక ఆ ఆఫీసు నెట్ అడ్రస్ మారిపోయినట్టే, దాత పెట్టుకున్న మినహాయింపు పోయినట్టే. దిగి తిరిగేసరికి నీలం సూటు చేతిలో పిస్టల్ అతని గుండెకి గురిపెట్టి ఉంది.

"వీడు మెకానిక్ కాదు సార్," అంది కంప్యూటర్ ముందు కూర్చున్న దాతతో.

దాత పడీ పడీ నవ్వాడు. వచ్చినవాడు ఎవరి అన్నో ఆమె నోట తెలుసుకుని మరీ నవ్వాడు. ట్రయల్ అన్నాక ఒకడో ఇద్దరో పోతారనీ, ఊరికే వచ్చినదాన్ని వాడుకున్నవాళ్లదే తప్పనీ తీరిగ్గా చెప్పాడు. పిల్లికి వాడి గొంతు పిసికి పారెయ్యాలనిపించింది. కదల్లేదు.

"చూస్తూ ఉండు," అని దాత మీట నొక్కాడు.

ఆజ్ఞ ముందు దగ్గరున్న కంప్యూటర్లకి, తర్వాతే దూరంవాటికి వెళ్తుంది. అన్నిటికంటే దగ్గరున్నది అతని కంప్యూటరే. ఫ్యాన్ గుర్రుమంది. తెర బిగుసుకుపోయింది. ఆజ్ఞ గుమ్మం దాటలేదు. దాత కీబోర్డు మీద పిడిగుద్దులు గుద్దాడు, చెమటతో తడిసి ముద్దయ్యాడు, చివరికి ఛాతీ పట్టుకుని నేలకూలాడు.

నీలం సూటు పిస్టల్ దించింది. "గెలిచాననుకుంటే తప్ప మీట ముట్టడు. అందుకే నీకు గురిపెట్టాను," అంది పిల్లితో.

"అంబులెన్స్..." అన్నాడు దాత.

పిల్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు. తెర మీద మాటలు చదివి వినిపించాడు. "మ్యాప్ లోడ్ అవుతోంది, దయచేసి ఆగండి." ఇంకోసారి చదివాడు. "మా వాడు కూడా ఆగాడు. నీళ్లడిగాడట. అన్నయ్యని పిలవమన్నాడట. నువ్వూ ఆగు."

దాత కళ్లలో భయం చూడాలని ఇన్నాళ్లూ బతికాడు పిల్లి. చూశాడు. కడుపు నిండలేదు. తిట్టుకుంటూ ఫోన్ తీశాడు.

అంబులెన్స్ రెక్కలు కట్టుకున్నట్టు వచ్చింది. మ్యాప్ ఇవాళ భలే పనిచేస్తోందన్నాడు డ్రైవర్. తమ్ముడికి రానిది వీడికొచ్చింది. పిల్లికి ఏడుపొచ్చినంత పనైంది.

స్ట్రెచర్ మీద దాత అతని చెయ్యి పట్టుకుని, ఈ రుణం ఎలా తీర్చుకోవాలి అన్నాడు.

"ఉచితమే," అని చెయ్యి విదిలించుకున్నాడు పిల్లి. "మా తమ్ముడు ముందే కట్టేశాడు."