డ్యూక్ గారి చెక్కనేల

చచ్చేముందు పట్టుబడ్డ ద్రోహి ఒక్క మాటే చెప్పాడు. "గ్రాఫెన్‌రోడా... నాణేల హాలు... నేల చెక్కల కింద. పన్నెండింటికి పట్టుకుపోతారు." నోట్లో విషపు గుళిక అప్పటికే పగిలింది.

టైము పదకొండు నలభై.

ఏజెంట్ లెనార్డ్ కారెక్కుతుంటే చీఫ్ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో ముగించాడు. "మైక్రోఫిల్మ్. సరిహద్దు అవతల మనకు పనిచేసే పన్నెండు మంది పేర్లు. అది దాటిందా, రేపటికి పన్నెండు శవాలు."

అందులో ఒక పేరు ఎకార్ట్. లెనార్డ్ తమ్ముడు. లెనార్డ్ తలుపు మూయకుండానే కారు దూకించాడు.

డ్యూకులు కాపురమున్న పాత మహలు, ఇప్పుడు మ్యూజియం, పొగమంచులో నిలబడి ఉంది. పైన డ్యూక్ పడకగది, సరిగ్గా దాని కిందే ఒకప్పుడు వెండి నాణేలు కొట్టిన నాణేల హాలు. సుత్తుల చప్పుడు ఆగితే ఎవడో వెండి నొక్కేస్తున్నాడని డ్యూక్ నిద్రలేచేవాడట. అనుమానంతోనే పునాదులు తీసిన కొంప అది.

ఇన్‌స్పెక్టరు వేషంలో లెనార్డ్ లోపలికెళ్ళాడు. తరతరాలుగా నాణేలు కొట్టిన ఇంటివాడు, ముసలి కాపలాదారు రోట్, నేల తుడుస్తున్నాడు. నూట ఇరవై చెక్కలు. మిగిలింది ఎనిమిది నిమిషాలు.

"వీటిని ఈమధ్య ఎవరైనా కదిపారా పెద్దాయనా?"

"గైడు పిల్ల జిడోనీ నిన్న ఏదో చెక్కకి మేకు కొడుతూ కనబడింది. ఏ చెక్కో చూళ్ళేదు బాబూ."

ఆరు నెలలుగా లెనార్డ్‌కు రహస్యాలు మోసుకొచ్చిన అందగత్తె జిడోనీ. రెండు వైపులా జీతం తింటోందన్నమాట.

ఒక్కో చెక్కా పీకి చూసే టైము లేదు. "సందుల్లో పడ్డ వెండి పొడిని డ్యూక్ ఎలా తీయించేవాడు?"

"ఏడేళ్ళకోసారి నేలంతా తగలెట్టించేవాడు. బూడిద కడిగితే వెండి. గోడలూ కప్పూ రాతితో కట్టింది అందుకేగా."

"ఆఖరిసారి ఎప్పుడు?"

"మా ముత్తాత హయాంలో. ఈ చెక్కలు ఆయన చేత్తో పరిచినవే."

లెనార్డ్ నిజం చెప్పేశాడు. "పన్నెండు ప్రాణాలు. ఒకడు మా తమ్ముడు."

రోట్ నేల తుడిచే గుడ్డ పక్కన పడేశాడు. తర్వాత దీపాల కిరసనాయిలు డబ్బా తనే ఎత్తి ఒంపాడు. "నువ్వు గుమ్మం దగ్గరుండు. ఇది మా ఇంటి పని."

తలుపు తెరుచుకుంది. సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో జిడోనీ.

"కదిలితే కాల్చేస్తా."

లెనార్డ్ కదిలాడు, ముసలాయనకు అడ్డంగా. గుండు భుజంలో దిగింది. అతని వెనక అగ్గిపుల్ల గీసుకుంది.

మంట హాలంతా పాకింది. జిడోనీ కిటికీ పక్క చెక్కను గోళ్ళతో పెకలించింది. ఫిల్మ్ ఆమె వేళ్ళకు అందేలోపే భగ్గుమని అంటుకుంది. గడియారం పన్నెండు కొట్టింది.

క్రిస్మస్‌కు ఎకార్ట్ ఉత్తరం వచ్చింది. అన్నయ్యది తపాలాఫీసు ఉద్యోగమని అతని నమ్మకం.

"అన్నయ్యా, ఇన్నేళ్ళుగా ఆ కుర్చీ అరగదీస్తున్నావు కదా, ఒక్కడికైనా పనికొచ్చే పని చేశావా?"