బెషీర్ గదిలో తెల్లారేసరికి చెడే పేర్లు

స్ఫాక్స్ రేవు పక్కనున్న చిన్న రేడియో స్టేషన్లో, మేడమీద చివరి గదికి మంచి పేరు లేదు. రికార్డింగులు చేసే బెషీర్ పోయాక, చీకటి పడితే అటు ఎవరూ వెళ్లేవారు కారట. తాళం వేసిన గదిలోంచి ఆయన గొంతు వినబడేదట...

ఆ గదిలో ఆయన లైనక్స్ కంప్యూటరు ఉంది. సాయంత్రం ఆపి వెళ్తే, పొద్దున్న లేవదు. అది మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే భాగంలో పేర్లన్నీ పిచ్చి గీతలైపోతాయి.

బెషీర్ దగ్గర పని నేర్చుకున్న ముంజియా వాటిని మూడుసార్లు బాగుచేసింది. నాలుగోసారీ చెడ్డాయి. నడుస్తున్నప్పుడు కరెంటు తీగ పీకితే ఇలా అవుతుందని ఆయనే మొదటిరోజు నేర్పాడు. కానీ పీకేదెవరు? ఒక తాళంచెవి తన దగ్గరుంది. రెండోది బెషీర్ పోయిననాడు ఆయన జేబులోనే ఉంది.

"మీ గురువు దెయ్యంతో వేగలేను. రేపు దాన్ని చెరిపేసి పాతసామానుకి వేసెయ్" అన్నాడు మేనేజరు.

ఆ రాత్రి ముంజియా దాన్ని మళ్లీ బాగుచేసి, ఆపేసి, అలమర వెనక కూర్చుంది. భయం లేదామెకు... ఆయనే వస్తే బాగుండునని ఉంది.

తాళం తిరిగింది. ఎవరో కుర్చీ లాక్కున్నారు. కంప్యూటరు లేచింది — చీకట్లో బెషీర్ గొంతు. మైకు సరిచూస్తూ ఆయన రోజూ అనే మాటలే.

"ఒకటి... రెండు... జొహ్రా, చేపల చారులో కారం తగ్గించు..."

"తగ్గించాన్లే" అంది చీకట్లో ఒక ఆడగొంతు.

ఆయన భార్య! ముంజియా ఏడుస్తూ బయటికొచ్చింది.

"పిన్నీ, తీగ ఎందుకు పీకుతున్నావు? ఆపే బొత్తాం ఉందిగా."

"ఆయన మాట్లాడుతుంటే నా చేత్తో ఎలా ఆపను తల్లీ? కళ్లు మూసుకుని తీగ లాగేస్తే... కరెంటు పోయిందనుకుంటాను."

దాన్ని చెరపనని మాటిచ్చింది ముంజియా. రేపే ఆ కంప్యూటరును ఇంటికి తెచ్చి, ఆయన బల్లమీద పెడతానంది. జొహ్రాను మెట్లదాకా సాగనంపి, దాన్ని పద్ధతిగా ఆపడానికి వెనక్కొచ్చింది.

గొంతు ఇంకా నడుస్తోంది.

"ఒకటి... రెండు... ముంజియా, వినబడుతోందా పిల్లా?"

"వినబడుతోంది ఉస్తాద్."

ఆమె వేలు బొత్తాం మీదే ఆగిపోయింది. తర్వాత కళ్లు మూసుకుని... తీగ లాగేసింది.