బొత్తాం సాక్ష్యం

"ఫిల్టర్ మార్చాలి. అర్జెంట్."

ఫోన్‌లో బాస్ గొంతు. వాటర్ ఫిల్టర్లు అమ్ముకునే మనిషికి అలాంటి ఫోన్లు మామూలేనని అతని భార్య నమ్మకం. ఆ నమ్మకం మీదే వాళ్ళ కాపురం నడుస్తోంది. నిజానికి అతను గూఢచారి. ఆవిడకు తెలిసిన పేరు కూడా డిపార్టుమెంటు పెట్టిందే.

కోర్టు వెనక పార్కింగ్‌లో బాస్ సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తున్నాడు.

"కొంప మునిగింది. డాక్టర్ జైల్లోంచి బయటికొచ్చేస్తున్నాడు."

డాక్టరంటే వైద్యుడు కాదు, పరాయి దేశపు ముఠా నాయకుడు. ఊరి మంచినీళ్ళలో విషం కలపమని హోటల్లో కూర్చుని మనుషులకు పురమాయించాడు. ఆ సమయంలో పెట్టుడు మీసంతో సూప్ వడ్డిస్తూ, చొక్కా బొత్తాంలోని కెమెరాతో అదంతా రికార్డు చేసింది ఇతనే.

"వీడియో ఉందిగా సార్?"

"ఉంది. కానీ తీసినవాడే వచ్చి, ఇది నేను తీసిందే, ఏమీ మార్చలేదని సర్టిఫికెట్ ఇవ్వాలట. లేకపోతే అది సాక్ష్యమే కాదని వాళ్ళ లాయర్ పట్టుబట్టాడు. జడ్జిగారు లంచ్ దాకా టైమిచ్చారు. డాక్టర్ పారిపోవడానికి విమానం రెడీగా ఉంది."

"నేను బోనెక్కితే..."

"సొంత పేరు చెప్పాలి. ఇక ఈ ఉద్యోగానికి పనికిరావు. ఇంకో సంగతి. ఆ కోర్టు హాల్లో స్టెనో ఇవాళ మీ ఆవిడే."

"వేరే దారి లేదా సార్?" అన్నాడు తుపాకులకు బెదరని మనిషి.

"నెమలి ఒక దారి చెప్తానంటోంది. కారులో ఉంది. గేటు దాకా వెళ్ళేలోపు మాట్లాడు."

నెమలి అంటే ముఠాలో ఉంటూ మనవాళ్ళకు సమాచారం అందించే అందగత్తె. అతను స్టీరింగ్ ముందు కూర్చోగానే, పక్క సీట్లో బెల్టు సర్దుకుంటూ ఒక కాగితం చూపించింది.

"నువ్వెందుకు బజారున పడటం? మన కానిస్టేబుల్ ఒకడు ఉన్నాడు. వెయిటర్ వేషం వేసింది తనేనని సంతకం పెడతాడు."

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క అబద్ధంతో భార్య, ఉద్యోగం రెండూ దక్కుతాయి. కాగితం చేతిలోకి తీసుకున్నాడు కూడా.

"ఆ రోజు సూప్ ఎవరెవరికి వడ్డించావని క్రాస్ ఎగ్జామినేషన్‌లో వాళ్ళ లాయర్ వాణ్ణి అడిగితే?"

"అడగరు."

"అడగరని నీకెవరు చెప్పారు?"

నెమలి నవ్వు ఆగిపోయింది. అతనికి సంగతి అర్థమైంది. దొంగ సాక్షిని బోనెక్కించి, అక్కడే పట్టుకుని, కేసంతా కట్టుకథ అనిపించాలన్నది డాక్టర్ ఎత్తు. దానికి ఈవిడ మధ్యవర్తి.

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సన్నటి తుపాకీ గొట్టం. అతను గేరు పక్కన మీట నొక్కాడు. బెల్టు బిగుసుకుని ఆమె చేతులు ఒంటికి అతుక్కుపోయాయి. తూటా కారు టాపులోంచి పోయింది. డిపార్టుమెంటు కారులో బెల్టు పెట్టుకోవడం మనిష్టం, విప్పడం వాళ్ళిష్టం.

ఆమెను బాస్‌కి అప్పగించి అతను మెట్ల మీద పరుగెత్తాడు. హాల్లో జడ్జి అప్పటికే ఆర్డరు చెబుతున్నారు.

"సర్టిఫికెట్ దాఖలు కానందున నిందితుణ్ణి..."

"ఆగండి సార్! ఆ వీడియో తీసింది నేనే!"

డాక్టర్ మొహం పాలిపోయింది. స్టెనో చేతులు ఆగాయి. ఆ గొంతు ఆవిడకు బాగా తెలుసు.

"మీ పేరు?" అన్నారు జడ్జి.

అతను భార్య వంక చూడలేకపోయాడు. సిగ్గుతో తల వాలిపోతోంది. అయినా అమ్మానాన్నలు పెట్టిన పేరు గట్టిగానే చెప్పాడు.

"టైపు చెయ్యమ్మా," అన్నారు జడ్జి.

ఆవిడ టైపు చేసింది. ఆ తర్వాత లాయర్ ఎంత తిప్పి అడిగినా అతను తడబడలేదు. వీడియో సాక్ష్యంగా రికార్డులోకి ఎక్కింది. డాక్టర్‌ని మళ్ళీ జైలుకు తీసుకుపోయారు. విమానం ఖాళీగా ఎగిరింది.

సాక్షి సంతకం కోసం వాంగ్మూలం కాగితాలు పట్టుకుని ఆవిడే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతను సంతకం పెట్టాడు.

ఆవిడ కాగితాలు తీసుకుంటూ మెల్లగా అంది:

"ఇన్నేళ్ళూ నాకు చెప్పినవాటికి కూడా ఒక సర్టిఫికెట్ రాసుకుని ఇంటికి రండి."